ఎయిర్‌పోర్ట్ సౌకర్యాలకు సర్కారు పైసలు ఎట్లొస్తయి, మన పాలమూరు నల్గొండోళ్ళం ఎవర్ని ఏమడగాలె

మా నాయినకు మోకాలు ఆపరేషన్ అయిన ఏడాది ఒక పెండ్లి కోసం ఇద్దరం విమానం ఎక్కినం, దిగింది వేరే రాష్ట్రంల ఒక చిన్న ఎయిర్‌పోర్ట్‌ల, పేరొద్దు. మెట్లు దిగి టెర్మినల్ దాకా సన్నగ వాన పడుతుంటే నడిచినం, వీల్‌చైర్ అడిగితే ఉన్నది ఒక్కటే, అది ఇంకో పెద్దామె కోసం పోయింది అన్నరు, లోపలికి పోతే బాత్రూంకు తాళం, బయటికొస్తే నీడ లేదు, కూసునే బల్ల లేదు, నాయిన సూట్‌కేస్ మీద కూసున్నడు. రన్‌వే మాత్రం మంచిగుంది, గోడకు శిలాఫలకం కూడ ఉంది. మనిషి కూసునే జాగ దగ్గరికొచ్చేసరికి పైసలు ఎందుకు సరిపోలేదు అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను ఇడిసిపెట్టలే.

మన దిక్కు దేవరకద్ర దగ్గర గుడిబండల ఎయిర్‌పోర్ట్ అని ఎన్నో ఏండ్ల నుంచి మాట నడుస్తుంది కద, రేపు మన దగ్గర కట్టేటప్పుడు గిట్ల కావద్దని దోస్తులం కలిసి 300 సంతకాలు తీసుకొని ఒక ఆఫీసుల ఇచ్చినం. రెండు నెలలకు ఒక్క లైన్ జవాబు, ఈ విషయం మా పరిధిలోకి రాదు అని. ఇంకో ఆఫీసుకు పోయినం, అదే లైన్. అప్పుడు కూసొని చదువుడు మొదలుపెట్టిన, పార్లమెంటుల మంత్రులు ఇచ్చిన జవాబులు, స్కీము కాయిదాలు, బడ్జెట్ పుస్తకం అన్నీ. అర్థమైంది ఏందంటే ఎయిర్‌పోర్ట్ పైసలు ఒక్క జేబుల ఉండయి, నాలుగైదు జేబులల్ల ఉంటయి, ఒక్కో జేబు ఒక్కో పనికే తెరుచుకుంటది, మేము ఉన్న జేబులన్నీ ఇడిసిపెట్టి లేని జేబు దగ్గర అడిగినం. నాకు ఆర్నెల్లు పట్టింది ఇది తెలుసుకోనీకి, మీకు ఒక్క పూటల కావాలె.

ముందుగాల ఆ ఎయిర్‌పోర్ట్ ఎవరిదో తేల్చుకోండి

ఇది తేల్చకుండ ఒక్క అక్షరం కూడ రాయొద్దు. మనోళ్ళు వాడే ఎయిర్‌పోర్ట్‌లే చూడుండ్రి. జడ్చర్ల, షాద్‌నగర్ మీదికెళ్ళి 44వ నంబర్ హైవే పట్టుకొని పోయే శంషాబాద్ 2008 మార్చిల మొదలైంది, నడిపేది జీఎంఆర్ వాళ్ళ కంపెనీ, అందుల ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకు 13 శాతం, రాష్ట్ర సర్కారుకు 13 శాతం వాటా ఉంది. అక్కడ కొత్త హాలు కట్టినా బాత్రూంలు పెంచినా అది ఎక్కువమట్టుకు మన టికెట్ల నుంచే వస్తది, యూడీఎఫ్ అని టికెట్ మీద ఒక చార్జీ ఉంటది చూడుండ్రి, అది. ఆ చార్జీ ఎంతుండాలో ఐదేండ్లకొకసారి ఏఈఆర్ఏ అనే కేంద్ర సంస్థ లెక్కగడ్తది, లెక్కగట్టే ముందు ఒక కన్సల్టేషన్ పేపర్ బయట పెడ్తది, దాని మీద ఎవరైనా అభిప్రాయం రాసి పంపొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా ఒక లెక్క అయింది, ఆ తర్వాతది కొత్త లెక్క. ఇన్ని కోట్లు పెట్టి ఏం కడ్తున్నరు, అందుల ప్రయాణికులకు ఏమొస్తుంది అన్నది ఆ పేపర్ల పనులవారీగ ఉంటది. శంషాబాద్ గురించి కలెక్టర్‌కు అర్జీ పెట్టేకంటే ఆ పేపర్ మీద రెండు పేజీలు రాసుడు మేలు.

గద్వాల, అలంపూర్ వాళ్ళకు దగ్గర ఓర్వకల్లు, అదే కర్నూలు ఎయిర్‌పోర్ట్, 2021 మార్చి 28 నుంచి విమానాలు తిరుగుతున్నయి. అది ఆంధ్రప్రదేశ్ సర్కారు కట్టింది, అక్కడి సౌకర్యం అడగాలంటే ఆ రాష్ట్రాన్నే అడగాలె, మనం వాడుతున్నం కద అని హైదరాబాద్‌కు రాస్తే ఫాయిదా లేదు.

మూడో రకం కడప, రాజమండ్రి లాంటివి, వీటిని నడిపేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయే, ఇగ నుంచి దాన్ని ఏఏఐ అని రాస్త. మన రాష్ట్రంల వరంగల్ మామునూరు ఇదే దారిల పోతుంది. నాలుగోది మన గుడిబండ, ఇంకా ప్రతిపాదనే, అక్కడ అడిగేది టెర్మినల్ కాదు, ముందు కాయిదాలు. దాని సంగతి కిందికి చెప్త.

ఏ జేబుల ఏం పైసలు

ఏఏఐ అనేది 1995 ఏప్రిల్ 1న ఏర్పడ్డ సంస్థ, దానికి సొంత ఆదాయం ఉంది, విమానాలు దిగినందుకు కట్టే చార్జీలు, షాపుల కిరాయిలు, ప్రైవేటుకు ఇచ్చిన పెద్ద ఎయిర్‌పోర్ట్‌ల నుంచి వచ్చే వాటా, ఇట్లాంటివి. చిన్న ఊర్లల్ల కొత్త టెర్మినళ్ళు ఎక్కువగ ఈ సొంత పైసలతోనే కడ్తరు. 2024 మార్చి 10న కడప, హుబ్బళ్ళి, బెళగావిల కొత్త టెర్మినళ్ళకు ప్రధాని ఒకేసారి శంకుస్థాపన చేసిండు కద, ఆ పని చేయించేది ఏఏఐ. అంటే టెర్మినల్ లోపలిది ఏదైనా, కుర్చీలు, బాత్రూంలు, ఏసీ, బ్యాగుల బెల్టు, ర్యాంపు, ఏఏఐ వాళ్ళది అయితే ఏఏఐనే అడగాలె.

రెండోది కేంద్ర బడ్జెట్. అందుల సివిల్ ఏవియేషన్ శాఖది డిమాండ్ నంబర్ 8, ఆన్‌లైన్‌ల పీడీఎఫ్ ఉంటది, దాంట్ల రీజినల్ కనెక్టివిటీ స్కీం అని ఒక లైన్ ఉంటది, చిన్న ఊర్లకు తక్కువ రేటుకు విమానాలు నడిపే మన ఉడాన్ అదే. పోయినేడు ఎంత అనుకున్నరు, తర్వాత సవరించి ఎంత చేసిండ్రు, ఈ ఏడు ఎంత పెట్టిండ్రు, మూడూ పక్కపక్కన ఉంటయి. ఏ మీటింగ్‌కు పోయినా ఆ పేజీ ప్రింట్ తీసుకొని పోండి, చేతుల కాయిదం ఉంటే మాట్లాడే తీరే మారుతది.

ఉడాన్ల మనోళ్ళు దాదాపు అందరూ ఒక దగ్గర పొరబడ్తరు, నేను కూడ పొరబడ్డ. 2016 అక్టోబర్‌ల స్కీం వచ్చింది, 2017 ఏప్రిల్ 27న సిమ్లా ఢిల్లీ విమానంతో పాటు కడప హైదరాబాద్, నాందేడ్ హైదరాబాద్ విమానాలు కూడ మొదలుపెట్టిండ్రు. అందుల వీజీఎఫ్ అని ఒక సాయం ఉంది, అది విమాన కంపెనీకి ఇచ్చేది, సగం సీట్లు తక్కువ రేటుకు అమ్మినందుకు వచ్చే నష్టం పూడ్చనీకి, మూడేండ్ల దాకా ఇస్తరు, అందుల మామూలు రాష్ట్రాలకు కేంద్రం 80 రాష్ట్రం 20 వాటా. ఆ పైసలతోని ఒక్క కుర్చీ కూడ రాదు. ఎయిర్‌పోర్ట్ బాగుచేయనీకి ఉన్న పైసలు వేరే, మూలకు పడ్డ లేదా తక్కువ విమానాలు తిరిగే ఎయిర్‌పోర్ట్‌లను మళ్ళ నిలబెట్టనీకి 2017ల కేంద్ర క్యాబినెట్ 4500 కోట్లు ఒప్పుకుంది, 50 ఎయిర్‌పోర్ట్‌లకు. మీ అర్జీల ఉడాన్ ఫండ్స్ ఇయ్యండి అని మాత్రమే రాస్తే అది విమాన కంపెనీల సాయం ఫైలుల పడుతది. ఎయిర్‌పోర్ట్ పునరుద్ధరణ పద్దు కింద ప్రయాణికుల సౌకర్యాలకు అని తెగేసి రాయాలె. 2025 బడ్జెట్ల సవరించిన ఉడాన్ అని కొత్తగ చెప్పిండ్రు, పదేండ్లల్ల 120 కొత్త ఊర్లకు, 4 కోట్ల మంది ప్రయాణికులకు అని, మన ఊరు పేరు ఎక్కాలంటే అడగాల్సింది దీని కిందనే.

ఇగ రాష్ట్రం జేబు. ఉడాన్ల చేరే రాష్ట్రం చానా ఒప్పుకోవాలె, ఏ లొల్లి లేని భూమి ఉచితంగ ఇయ్యాలె, ఊరికి రోడ్డు, బస్సు లాంటి దారి చూపెట్టాలె, పోలీసు, ఫైర్ సర్వీసు ఉచితంగ పెట్టాలె, కరెంటు నీళ్ళు తక్కువ రేటుకు ఇయ్యాలె, విమానం ఇంధనం మీద వ్యాట్ 1 శాతం దాటకుండ పదేండ్లు ఉంచాలె. నీళ్ళ లైను, అప్రోచ్ రోడ్డు, బస్సు, వీధిలైట్లు ఇవన్నీ రాష్ట్రం మాట ఇచ్చినవే, వీటికి ఢిల్లీకి ఉత్తరం రాయనక్కర్లే, సోమవారం ప్రజావాణిలనే పెట్టొచ్చు. మామునూరుకు రన్‌వే పొడుగు చేయనీకి 253 ఎకరాల భూసేకరణకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది, ఆ ఫైలు నడిచింది రోడ్లు భవనాల శాఖ నుంచి. 2023 డిసెంబర్‌ల ఆ శాఖ మంత్రి అయింది నల్గొండ ఎమ్మెల్యే కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి గారే, అంటే నల్గొండోళ్ళకు ఆ శాఖ గడప దూరం కాదు.

గుడిబండ సంగతి

రాష్ట్రం కొన్నేండ్ల కింద ఆరు జాగలు అనుకుంది, పాత రన్‌వేలు ఉన్న మామునూరు, ఆదిలాబాద్, పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్, కొత్తగ కట్టాల్సిన జక్రాన్‌పల్లి, పాల్వంచ దిక్కు, మన గుడిబండ. ఏఏఐతోని సర్వేలు చేయించిండ్రు. మనకు అడ్డం పడే పెద్ద సంగతి శంషాబాద్ ఒప్పందం. ఆ ఎయిర్‌పోర్ట్ మొదలైన నాటి నుంచి 25 ఏండ్లు, అంటే 2033 దాకా, ఆకాశమార్గంల 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రావద్దని అందుల ఉంది. గుడిబండ శంషాబాద్‌కు ఆకాశమార్గంల 100 కిలోమీటర్లు కూడ లేదు, నల్గొండ టౌన్ కూడ అంతే. మామునూరుకు కూడ ఇదే అడ్డం ఉండె, జీఎంఆర్ అభ్యంతరం లేదని రాసిచ్చినంకనే 2025 ఫిబ్రవరి 28న కేంద్రం సరే అంది. అందుకే మన దిక్కు నాయకులు ఎవరైనా ఎయిర్‌పోర్ట్ తెస్తం అన్నప్పుడు అడగాల్సిన మొదటి మాట ఒక్కటే, ఆ అభ్యంతరం లేదన్న కాయిదం గుడిబండకు అడిగిండ్రా, ఏ తేదీన అడిగిండ్రు. అది లేనిదే డీపీఆర్ అనే ప్రాజెక్టు పూర్తి రిపోర్టు, టెర్మినల్ బొమ్మ, ఏది చూపెట్టినా పని కదలదు.

కొత్త ఎయిర్‌పోర్ట్ అయితే 2008 గ్రీన్‌ఫీల్డ్ పాలసీ ప్రకారం ముందు సైట్ క్లియరెన్స్, తర్వాత సూత్రప్రాయ అనుమతి, ఆ తర్వాతనే ఖర్చు ఎవరు పెడ్తరు అన్న లెక్క. పేపర్ల సూత్రప్రాయ అనుమతి అని చదివి పటాకులు కాల్చుకుంటం, అది పైసలు ఇచ్చినట్టు కాదు. నల్గొండోళ్ళకు దీనికి మంచి ఉదాహరణ సాగర్. 2019 జనవరిల ఉడాన్ మూడో విడతల నీళ్ళ మీద దిగే విమానాలకని ఆరు జాగలు ప్రకటించిండ్రు, అందుల నాగార్జున సాగర్ పేరుంది. టికెట్ కొనుక్కొని సాగర్ల సీప్లేన్ రోజూ ఎక్కే సర్వీసు మాత్రం రాలే. లిస్టుల పేరు వేరు, శాంక్షన్ వేరు, టెండర్ వేరు, పని మొదలవుడు వేరు, ఏ వార్త చూసినా ఈ నాలుగిట్ల మనం ఎక్కడున్నమో అడగండి.

ఏం అడగాలె అన్నదే అసలు పని

సౌకర్యాలు మెరుగుపరచాలని మనవి అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, చేయాలని ఉన్న ఆఫీసర్ కూడ చేయలేడు, ఎందుకంటే ఆయన ఎస్టిమేట్ల పెట్టాలంటే ఐటమ్ కావాలె. టెర్మినల్ సైజు పీక్ అవర్ ప్రయాణికుల మీద లెక్కగడ్తరు, అంటే రద్దీ గంటల ఎంత మంది వస్తరు పోతరు అని. ఏటీఆర్ 72 అనే చిన్న విమానంల 70 మందికి పైన పడ్తరు, ఒక విమానం దిగి అదే మళ్ళ ఎగిరే టైంల దిగేటోళ్ళు ఎక్కేటోళ్ళు కలిసి 140 మంది అయితరు, ఆలస్యమై రెండు విమానాలు ఒక్కసారి వస్తే దానికి డబుల్. ఆ లెక్క ఎంత పెట్టిండ్రో అడిగి తెలుసుకోండి, కుర్చీలు బాత్రూంలు అన్నీ దాని మీదనే నిలబడ్డయి. 2016 ఏవియేషన్ పాలసీల చిన్న ఎయిర్‌పోర్ట్‌లను హంగులు లేకుండ 50 నుంచి 100 కోట్లల్ల తయారు చేయాలని రాసుకున్నరు, ఆలోచన మంచిదే, అద్దాల మేడ మనకెందుకు, నేను కూడ టెర్మినల్ నుంచి నేరుగ విమానం తలుపు దాకా పోయే ఏరోబ్రిడ్జి అడగను, చిన్న విమానానికి దాని అవసరమే లేదు. కానీ నీడ, నీళ్ళు, బాత్రూం, ర్యాంపు హంగులు కావు. అర్జీల ఈ మాట స్పష్టంగ రాయండి.

ఇంకోటి, ఇది బయటి ఇంజినీర్లకు తట్టదు, మన దగ్గర ఒక్కడు దుబాయికో మస్కట్‌కో పోతుంటే సాగనంపనీకి తుఫాన్ బండి నిండ మనుషులొస్తరు, అమ్మ, అత్తమామలు, చంటిపిల్లలు, సద్ది కట్టుకొని వస్తరు. వాళ్ళు టికెట్ లేనోళ్ళు కాబట్టి ఆ పీక్ అవర్ లెక్కల ఉండరు, టెర్మినల్ లోపలికి రారు, రోడ్డు పక్కన ఎండల కూసుంటరు. అందుకని బయటి దిక్కు, టెర్మినల్ ముందట, కనీసం 200 మందికి రేకుల షెడ్డు, తాగే నీళ్ళు, ఆడోళ్ళకు వేరే బాత్రూంలు, చంటిపిల్లకు పాలిచ్చే గది అని సంఖ్యతో సహా రాయండి. నారాయణపేట, మక్తల్, కోస్గి నుంచి వచ్చే వాళ్ళకు ఆర్టీసీ బస్సు నిలబడే బే టెర్మినల్ గేటు దగ్గరనే ఉండాలె, అర కిలోమీటర్ అవతల కాదు. బోర్డులు, అనౌన్స్‌మెంట్లు తెలుగుల ఉండాలె, మొదటిసారి విమానం ఎక్కే కూలి మనిషికి బోర్డింగ్ గేట్ ఏందో తెల్వదు. నడవలేని వాళ్ళకు విమానం దాకా ర్యాంపు గానీ లిఫ్ట్ బండి గానీ ఉండాలె, ఇది దయ కాదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అడిగే హక్కు. చాయ్ రేటు కూడ రాయండి, 2024 డిసెంబర్‌ల కోల్‌కతాల ఉడాన్ యాత్రీ కెఫే అని పెట్టిండ్రు, 10 రూపాయలకు చాయ్, 10కి నీళ్ళ బాటిల్, 20కి సమోసా, చిన్న ఎయిర్‌పోర్ట్‌కు ముందుగాలనే ఒక కొట్టు జాగ దానికి కేటాయించాలని అడిగితే తప్పేం లేదు.

ఇవన్నీ డ్రాయింగ్ దశలనే అడగాలె. కట్టినంక గోడ పలగ్గొట్టి బాత్రూం పెట్టాలంటే మళ్ళ కొత్త శాంక్షన్, మళ్ళ కొత్త టెండర్, ఏండ్లు పడుతది.

ఆర్‌టీఐ ఎట్ల రాయాలె

అర్జీ కంటే ముందు ఆర్‌టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, వేయండి, చేతుల లెక్క లేకుండ అడిగితే మా అర్జీ తీరుగనే తిరిగొస్తది. కేంద్ర ఆఫీసులకు ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌ల వేయొచ్చు, అందుల సివిల్ ఏవియేషన్ శాఖ, ఏఏఐ రెండూ ఉంటయి, ఫీజు 10 రూపాయలు, బీపీఎల్ రుజువు ఉంటే ఫీజు లేదు, కాపీలకు పేజీకి 2 రూపాయలు. ఎందుకు చేయలేదు అని అడగొద్దు, ఎందుకు అన్నది సమాచారం కాదని కొట్టేస్తరు, ఉన్న కాయిదం కాపీ అడగాలె. నేను రాసింది ఇట్ల, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

"మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండ వద్ద ప్రతిపాదించిన విమానాశ్రయానికి సంబంధించి ఈ క్రింది సమాచారం కోరుతున్నాను. 1. మీ సంస్థ తయారు చేసిన సాధ్యాసాధ్యాల నివేదిక కాపీ. 2. అందులో ప్రయాణికుల టెర్మినల్‌కు లెక్కించిన పీక్ అవర్ ప్రయాణికుల సంఖ్య, టెర్మినల్ విస్తీర్ణం, అంచనా వ్యయం ఉన్న పేజీల కాపీ. 3. హైదరాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల షరతుపై రాష్ట్ర ప్రభుత్వంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల కాపీలు, తేదీలతో. 4. ఈ ఫైలు ప్రస్తుతం ఏ విభాగం వద్ద ఉందో తెలిపే ఫైల్ నోటింగ్ కాపీ."

నాలుగు ప్రశ్నలు చాలు. ఎక్కువ అడిగితే అన్నిటికీ కలిపి ఒక ముక్క జవాబు ఇస్తరు. సగం ప్రశ్నలు రాష్ట్రానికి సంబంధించినవి అయితే రోడ్లు భవనాల శాఖకు వేరే దరఖాస్తు పెట్టండి, ఒకే దరఖాస్తు రెండు దిక్కుల తిరిగితే మనకు టైం పోతది.

ఎంపీ దగ్గరికి పోయేటప్పుడు

ఉట్టిగ పోకండి, ప్రశ్న రాసి పట్టుకపోండి. పార్లమెంటుల చుక్క లేని ప్రశ్నకు, అంటే సభల నోటితోని జవాబు చెప్పని అన్‌స్టార్డ్ ప్రశ్నకు కూడ, రాతల జవాబు వస్తది, అది వెబ్‌సైట్‌ల ఎప్పటికీ ఉంటది, రేపు ఏ ఆఫీసుల అయినా మీ మంత్రి ఇట్ల చెప్పిండు అని చూపెట్టొచ్చు. గత మూడేండ్లల్ల తెలంగాణల ఎయిర్‌పోర్ట్‌ల వారీగ ప్రయాణికుల సౌకర్యాలకు ఎంత శాంక్షన్ అయింది, ఎంత ఖర్చయింది అని నాలుగు లైన్లు, అంతే. ఏఏఐ ఎయిర్‌పోర్ట్‌ల దగ్గర సలహా కమిటీ ఉంటది, దానికి చైర్మన్ ఆ ఊరి ఎంపీయే. జిల్లాల కేంద్ర స్కీముల మీద దిశ కమిటీ కూసుంటది, దానికి కూడ ఎంపీయే చైర్మన్. గేటు బయట బస్ షెల్టర్ లాంటి చిన్న పనికి ఎంపీ నిధులు ఉన్నయి, ఏడాదికి 5 కోట్లు, శాంక్షన్ చేసేది కలెక్టర్, దానికి ఢిల్లీ నుంచి వచ్చే టెర్మినల్ ఎస్టిమేట్ కోసం ఎదురు చూడనక్కర్లే.

ఇదే పద్ధతి రైల్వే స్టేషన్‌కు కూడ పనికొస్తది, 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ కింద 508 స్టేషన్లకు శంకుస్థాపన అయింది, అందుల మన మహబూబ్‌నగర్ ఉంది. అక్కడ జేబు రైల్వేది ఒక్కటే, కాబట్టి పని ఇంకా సుళువు, ప్లాన్ కాపీ అడిగి మన ఐటమ్‌లు అందుల ఉన్నయో లేవో చూసుకోవాలె.

ఇప్పటికే తిరుగుతున్న ఎయిర్‌పోర్ట్‌ల ఏదన్న ఇబ్బంది అయితే, వీల్‌చైర్ దొరకలే, బాత్రూం మూసిండ్రు, నీళ్ళు లేవు అంటే, ఎయిర్‌సేవ పోర్టల్‌ల ఆ రోజే ఫిర్యాదు పెట్టండి, ఫోటో, టైం, విమానం నంబర్ తోని. నేను ఆనాడు పెట్టలే, నాయినను ఇంటికి చేర్చుడే సరిపోయింది, తర్వాత పెడ్దామంటే బోర్డింగ్ పాస్ కూడ దొరకలే.

ఆర్‌టీఐకి 30 రోజులల్ల జవాబు రావాలె. రాకపోతే గానీ, వచ్చి సరిగ్గ లేకపోతే గానీ, ఇంకో 30 రోజులల్ల అదే ఆఫీసుల పై అధికారికి మొదటి అప్పీల్, దానికి ఫీజు లేదు. అక్కడ కూడ కాకపోతే 90 రోజులల్ల కేంద్ర సమాచార కమిషన్‌కు. జవాబు కవర్ వచ్చిన రోజే దాని మీద తేదీ రాసి ఫైలుల పెట్టుకోండి, కవర్ పారేయొద్దు, పోస్టాఫీసు ముద్ర దాని మీదనే ఉంటది.